రంజాన్‌లో బుందుక్ నమిలినందుకు

పరాయి దేశంలో అన్నేళ్ళు పనిచేశాను గానీ నన్ను దొంగ అన్నది ఒక్కసారే. అన్నవాళ్ళే నా చేత క్షమాపణ చెప్పించాలని చూశారు. చెప్పలేదు. పని మానేసి ఇంటికొచ్చి, సాయంత్రాలు మోకాళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చునే ఈ రోజుల్లో కూడా చెప్పాలనిపించడం లేదు. మొన్నామధ్య మా వీధిలో ఒకమ్మాయి దుబాయ్ వెళ్తూ, "పిన్నీ, అక్కడెవరేమన్నా నోరు మూసుకునుంటే మంచిదంట కదా?" అని అడిగింది. నేను జవాబు వెతుక్కునేలోపు ఆటో వచ్చేసింది, వెళ్ళిపోయింది. ఆ అమ్మాయికీ, ఆమెలా సూట్‌కేసు సర్దుకుంటున్న మీ అందరికీ ఇది రాస్తున్నాను.

పేర్లు మాత్రం రాయను. మంచివాళ్ళ పేర్లు రాస్తే సిగ్గుపడతారు. ఆ మేనేజరు పేరు రాస్తే ఆయనకి లేని గొప్ప వచ్చి పడుతుంది.

మాది కోనసీమ. మా వైపు ఆడవాళ్ళు చాలామందిలాగే నేనూ మొదట ఇళ్ళల్లో పనికే వెళ్ళాను, అబూధాబీలో. ఒక ఇంట్లో ఫ్రిజ్‌కి తాళం ఉండేది. ఆ ఇంటివాళ్ళు నన్ను పస్తులుంచలేదు, వేళకి పెట్టేవారు. కానీ రోజూ పొద్దున్నే ఆ తాళం మొహం చూసి పని మొదలుపెట్టడం ఎంత చిన్నతనంగా ఉండేదో చెప్పలేను. ఆ వీసా అయిపోగానే ఇళ్ళ పని వద్దనుకున్నాను. తెలిసినవాళ్ళ ద్వారా జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో పప్పులు వేయించే ఫ్యాక్టరీలో చేరాను. బెల్టు మీద కదిలిపోయే పప్పుల్లోంచి పుచ్చువీ, రాళ్ళూ, పెంకులూ ఏరేయడం నా పని. పనివాళ్ళముండే క్యాంపు నుంచి కంపెనీ బస్సు తీసుకెళ్ళేది, తీసుకొచ్చేది. ఆ ఫ్యాక్టరీలో దేనికీ తాళం లేదు. చేరిన కొత్తలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

బాదం, జీడిపప్పు, పిస్తా అన్నీ వచ్చేవి గానీ మా దగ్గర ఎక్కువగా ఆడేది బుందుక్. ఇంగ్లీషులో హేజెల్‌నట్ అంటారు. చాక్లెట్టు కొరికినప్పుడు మధ్యలో గుండ్రంగా పంటికి తగిలేది అదే. అరబ్బులు బుందుక్ అంటారు, మాకూ అదే పేరు అలవాటైపోయింది. పెంకుతో చూస్తే చిన్న వక్కకాయలా ఉంటుంది. పెంకు తీస్తే లోపల గోధుమరంగు పొట్టుతో గుండ్రటి పప్పు. వేయించాక అరచేతుల మధ్య నలిపితే, వేరుశనగకి ఊడినట్టే పొట్టు ఊడి, మీగడరంగు బయటపడుతుంది. పచ్చిది నమిలితే లేత కొబ్బరి గుర్తొచ్చేది నాకు. సరిగ్గా వేగినది నమిలితే ఇల్లంతా నెయ్యి కాచినట్టుండేది.

ఆ చెట్టుని నేనెప్పుడూ చూడలేదు. నల్లసముద్రం వైపు నుంచి సరుకు పంపేవాళ్ళ మనిషి ఒకసారి ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు ఫోనులో చూపించాడు. నిజం చెప్పాలంటే నాకు కాస్త నిరాశే కలిగింది. అది చెట్టు కాదు, పొద. ఒక్క మానుగా లేవదు, మొదట్లోంచే పది కొమ్మలు గుంపుగా పైకి లేస్తాయి. మా ఊళ్ళో అయితే దారికి అడ్డమని నరికేసేవాళ్ళు. మంచు కురిసే కాలంలో, ఆకులన్నీ రాలిపోయాక, పిల్లి తోకల్లా వేలాడుతూ పూస్తుందట. కాయ చుట్టూ ఆకుపచ్చని కుచ్చుల గౌను ఉంటుంది. పండాక ఎవరూ కొయ్యక్కర్లేదు, తనే రాలుతుంది. కొండ వాలులో తలగుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు వంగి ఏరుతున్నారు. అది చూశాక నిరాశ పోయింది. అక్కడ ఏరేదీ ఆడవాళ్ళే, ఇక్కడ ఏరేదీ ఆడవాళ్ళే, మధ్యలో ఓడలూ లారీలూ మాత్రం మగవాళ్ళవి. ఆ మాట నేనంటే, బెల్టు దగ్గర నా పక్కన నిలబడే నెల్లూరామె పడీ పడీ నవ్వింది.

ఈమె సంగతి చెప్పాలి. నెల్లూరు ముస్లిం. నాకంటే చిన్నది, నాకంటే నోరు పెద్దది. ఆమె పక్కన నిలబడితే షిఫ్టు గడిచిందే తెలిసేది కాదు.

ఇక రోస్టర్ భాయ్. వేయించే డ్రమ్ముకి ఆయనే పెద్ద. కడప వైపు మనిషి, అరవై దాటిన ముసలాయన, వాళ్ళ నాన్న బట్టీలో ఇసక పోసి శనగలు వేయించి అమ్మేవాడట. మాట తక్కువ. నేను మా గోదావరి అలవాటుకొద్దీ "భాయ్‌గారండీ" అని పిలిస్తే ఫ్యాక్టరీలో తెలుగువాళ్ళంతా నవ్వేవారు. ఆయన మాత్రం నవ్వకుండా, "పిలవనీండి, గారు అనే వాళ్ళు నాకింకెవురున్నారు" అనేవాడు.

వేయించడంలో తిరకాసు ఒకటుంది. అది తెలిస్తే గానీ తర్వాతి గొడవ మీకు అర్థం కాదు. బుందుక్ మొండి వేడి పట్టుకుంటుంది. డ్రమ్ములోంచి దించాక కూడా లోపల కాసేపు వేగుతూనే ఉంటుంది. అందుకని పూర్తిగా వేగకముందే వాయ దించేయాలి. ముందు దించితే పచ్చి, ఆలస్యమైతే చేదు. రంగు చూసీ వాసన చూసీ చాలావరకు పోల్చుకోవచ్చు గానీ పాత పంట కలిసిన సరుకైతే రంగు బాగానే ఉంటుంది, నోట్లో మాత్రం పాత నూనె కంపు. అందుకే ప్రతి వాయకీ పొడుగు గరిటెతో నాలుగు గింజలు తీసి, పొట్టు నలిపి, పగలగొట్టి, నమిలి చూసి, అప్పుడు దించాలి. డ్రమ్ము పక్కన గోడకి బోర్డు కూడా ఉండేది: ప్రతి వాయనీ రోస్టరే స్వయంగా రుచి చూడాలి అని.

ఏడాదిలో పదకొండు నెలలు ఏ ఇబ్బందీ లేదు. రంజాన్ వస్తేనే చిక్కు. భాయ్ ఒక్క రోజా, అంటే ఒక్కనాటి ఉపవాసం కూడా, వదిలేవాడు కాదు. నోట్లో వేసుకుని మింగకుండా ఉమ్మేస్తే తప్పు లేదని తోటివాళ్ళు చెప్పేవారు. వంటవాళ్ళు అలాగే చేస్తారట. ఈయన ఒప్పుకోలేదు. "కూరలో ఉప్పు నాలిక కొసన తెలుస్తాది. బుందుక్ అట్ల కాదు. నమలల్ల, నూనె రావల్ల, అది గొంతు కాడికి పోతేనే చేదు బయటపడేది. గొంతు కాడికి పోయినాక ఇంగ రోజా యాడిది?" అనేవాడు.

అలా నేను చేరిన ఏడాదే, రంజాన్‌కి ముందు ఆయన మా బెల్టు దగ్గరికొచ్చి, రోజా ఉండనివాళ్ళెవరని అడిగాడు. నేను చర్చికి వెళ్ళేదాన్ని. పైగా కొబ్బరి సీమలో పుట్టి, కురిడీ కొబ్బరి బాగుందో చెడిందో నమిలి చెప్తూ పెరిగినదాన్ని. పరీక్షకి రెండు గింజలు పెట్టి, నేను చెప్పింది విని, తలాడించి వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ ప్రతి రంజాన్‌కీ ఆయన నాలుక నేనే. అప్పటి మేనేజరుకి, అంటే మా భాషలో ముదీర్‌కి, ఈ సంగతి తెలుసు. సరుకు బాగుంటే చాలని ఊరుకునేవాడు.

ఒక్కటే ఇబ్బంది. ఫ్లోరులో పనిచేసేవాళ్ళలో సగం మందికి పైగా రోజా ఉండేవాళ్ళే. నెల్లూరామె, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పాకిస్తానీ, బస్తాలు మోసే బంగ్లాదేశ్ కుర్రాళ్ళు. ఎర్రటి ఎండలో గుక్కెడు నీళ్ళు లేకుండా పనిచేస్తున్నవాళ్ళ ఎదురుగా నోరు కదిపితే నాకే గొంతు దిగేది కాదు. అందుకని గింజలు పిడికిట్లో పట్టుకుని, బస్తాల గుట్ట వెనక్కి వెళ్ళి, గోడవైపు తిరిగి నమిలేదాన్ని. మూతి శుభ్రంగా తుడుచుకుని ఇవతలికొచ్చి చెప్పేదాన్ని. భాయ్ గుట్టకి ఇటువైపు వీపు పెట్టి నిలబడి చెవి ఒగ్గేవాడు. నా పళ్ళ కింద గింజ విరిగిన చప్పుడు విని, నేను చెప్పకముందే "సప్పుడు బాగుంది" అనేవాడు ఒక్కోసారి. రోజా మనిషికి ఆ మాత్రం సరదా ఉండొద్దా?

అది బయటినుంచి చూసేవాడికి ఎలా కనిపిస్తుందో మాలో ఒక్కరికీ తట్టలేదు.

కరోనా వచ్చింది. కొన్నాళ్ళు ఫ్యాక్టరీ మూతపడింది. తెరిచేసరికి బెల్టు మీద సగం మందిమి లేము. పాత ముదీర్ కూడా వెళ్ళిపోయాడు. రెండో ఏడు రంజాన్‌కి కాస్త ముందు కొత్తాయన దిగాడు. బొంబాయి వైపు మనిషి, నలగని చొక్కా, చేతిలో ఎప్పుడూ శానిటైజర్ సీసా. చెడ్డవాడని అననుగానీ వచ్చీ రాగానే ఏదో ఒకటి పట్టుకుని పైవాళ్ళకి చూపించాలన్న తొందర మాత్రం బాగా ఉండేది. మొదటి పనిగా ఫ్లోరంతా కెమెరాలు పెట్టించాడు. అందులో ఒకటి సరిగ్గా బస్తాల గుట్ట మీద.

ఆయనకి రోజా లేదు. రోజూ పొద్దున పది దాటాక తన గాజు గదికి తెరలు దించేవాడు. తెరలు దిగగానే కాఫీ వాసన తలుపు సందులోంచి ఫ్లోరులోకి వచ్చేది. ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళం కాదు. పదిమంది ముందు తాగకుండా తెర వేసుకోవడం మర్యాదే కదా.

రంజాన్ సగం గడిచాక ఒకరోజు నన్ను ఆ గదిలోకి పిలిచాడు. కంప్యూటర్లో నన్ను నాకే చూపించాడు. గుట్ట వెనక ఒక ఆడమనిషి అటూ ఇటూ చూసి, మాస్కు కిందికి లాగి, గబగబా నమిలి, ఏప్రానుతో మూతి తుడుచుకుంటోంది. నాకు నవ్వొచ్చింది. ముసలి ఉడుతలా ఉన్నాను. ఆయన నవ్వలేదు. మేం మాట్లాడుకున్నది హిందీలో. మీ కోసం తెలుగులో రాస్తున్నాను.

"ఏం తింటున్నావు?"

"బుందుక్ సార్."

"ఎవరిది? కంపెనీదా?"

"కంపెనీదే సార్. మా ఇంటిది ఇక్కడికెందుకొస్తుంది?"

ఆ జవాబు ఆయనకి నచ్చలేదు. వేళ్ళు మడిచాడు. ఒకటి, కంపెనీ సరుకు దొంగతనం. రెండు, కరోనా రోజుల్లో మాస్కు తియ్యడం. మూడు, రంజాన్‌లో పగలు పని చోట తినడం. "చోరీ" అన్న మాట మూడు నాలుగుసార్లు వాడాడు. నవ్వు ఎక్కడికి పోయిందో నాకు తెలీదు. ఒళ్ళంతా వేడెక్కింది.

"తినమని ఎవరు చెప్పారు?" అన్నాడు.

చెప్పబోయాను. గాజు అవతల డ్రమ్ము దగ్గర భాయ్ నావైపే చూస్తున్నాడు. ఆయన తల వెనక గోడ మీద బోర్డు. రోస్టరే స్వయంగా రుచి చూడాలని అందులో మూడు భాషల్లో ఉంది. నేను నోరు తెరిస్తే ఆయన పని ఆయన చేయడం లేదని ఈ మనిషి చేతికి నేనే అందించినట్టవుతుంది. అరవై దాటినవాళ్ళకి వీసా మళ్ళీ వేయించడం కంపెనీ దయ మీదే ఉంటుంది. ఆయనది ఆ వేసవిలోనే మళ్ళీ వేయించాలి. తెరిచిన నోరు మూసేశాను.

మేనేజరు తీర్పు చెప్పాడు. రేపు పొద్దున మీటింగులో అందరి ముందూ నిలబడి, దొంగతనంగా తిన్నాను, తప్పయింది, సారీ అని చెప్పాలి. చెబితే అంతటితో సరి. చెప్పకపోతే వీసా క్యాన్సిల్, ఇంటికి టిక్కెట్టు. పనిలో పనిగా ఇంకో ఆర్డరు వేశాడు: బెల్టు మీద ఆడవాళ్ళందరూ ఏప్రాన్ల జేబులు రేపటికల్లా కుట్టేసుకుని రావాలి. నా ఒక్కదాని మీద పడ్డ మాట సాయంత్రానికి అందరి జేబుల మీదా పడింది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు భాయ్ నా దగ్గరికొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. రోజా వల్ల మాత్రం కాదు.

"సారీ చెప్పేయ్ మా. నోటి మాటే గదా. పోతే ఏం పోతాది?" అన్నాడు.

"దొంగ అన్నదీ నోటి మాటేనండి భాయ్‌గారూ. అదెందుకలా గుచ్చుకుందంటారు?"

"నేను పొయ్యి చెప్పల్లనే అనుకుంటి. బోర్డు సూపిస్తాడు. ఈ ముసలోడు రంజాన్‌లో పనికిరాడు, పంపిచ్చేయ్ అంటాడు. ఈ వయసులో నేను యాడికి పోయేది?"

"మిమ్మల్ని చెప్పమన్నానా? మీ పేరు నా నోట్లోంచి రాదు. సారీ కూడా రాదు."

"అట్లయితే నిన్ను పంపిచ్చేస్తాడు మా."

"పంపించేయనివ్వండి. దొంగనని ఒప్పుకుని ఉండే కన్నా కాదని చెప్పి పోయిందే నయం. మీరెళ్ళండి, ఇఫ్తార్‌కి వేళవుతోంది."

విసురుగానే అన్నాను. ఆ పూట నాకు మేనేజరు మీదకన్నా భాయ్ మీదే ఎక్కువ కోపంగా ఉంది. మేనేజరుకి నేనెవరో తెలీదు. ఈయనకి తెలుసు. తెలిసినవాడు సారీ చెప్పమనడం నాకు అస్సలు మింగుడుపడలేదు. భయం నాకూ ఉంది, లేదని ఎందుకు బుకాయించాలి? నా వయసు ఆడమనిషికి, అందులోనూ ఆ కరోనా రోజుల్లో, ఇంకో కంపెనీ వీసా ఇవ్వదు. మళ్ళీ ఎవరింట్లోనో ఫ్రిజ్ తాళం ముందు నిలబడాలి. అది కూడా దొరికితే. అయినా సారీ మాత్రం నాలుక మీదికి రానంది.

క్యాంపుకెళ్ళి ఇఫ్తార్ చేశాక ఆడవాళ్ళందరూ గదిలో కూర్చుని జేబులు కుట్టుకుంటున్నారు. నెల్లూరామె సూదిలో దారం ఎక్కిస్తూ తిడుతూనే ఉంది.

"నువ్వు దాంకోని తినింది మా కోసరం గదమే. మేము రోజా ఉండామనే గదా గోడకి తిరగతా ఉండావు. ఆ ముక్క చెప్పు ఆ మనిషికి."

"చెప్తే ఎవరికోసం తిన్నావంటాడు. అప్పుడు భాయ్‌గారు బయటపడతారు."

"మరేం జేస్తావు?"

"ఏం చెయ్యను. జేబు మటుకు కుట్టను."

ఆమె తను కుట్టిన జేబుకి దారం పళ్ళతో కొరికి, కుట్టంతా ఊడదీసేసింది.

మర్నాడు మీటింగు. మా మీటింగులు వేయించే హాల్లోనే జరిగేవి, డ్రమ్ముకి ఎదురుగా, ఒకరికొకరం దూరం దూరంగా నిలబడేవాళ్ళం. భాయ్ అందరికన్నా ముందొచ్చి డ్రమ్ము వేడెక్కించి మొదటి వాయ వేసేవాడు. మీటింగు అయ్యే వేళకి అది దించే వేళయ్యేది. ఆ రోజు పండగ సరుకు. చాక్లెట్లు చేసేవాళ్ళ బండి అప్పటికే సరుకెక్కించే డాక్ దగ్గరికి వచ్చి ఆగి ఉంది. ఈద్‌కి అందకపోతే మేనేజరు పైవాళ్ళకి ఏం చెప్పుకోవాలో ఆయనకే తెలుసు.

ఆయన ఏదో నిజాయితీ గురించి మాట్లాడాడు. తర్వాత నన్ను ముందుకి రమ్మన్నాడు. వెళ్ళాను. జేబు కుట్టలేదని చూశాడు గానీ ఏమీ అనలేదు.

"చెప్పు," అన్నాడు.

"నేను బుందుక్ తిన్నాను," అన్నాను హిందీలో, అందరికీ అర్థమయ్యేలా. "దొంగతనం చెయ్యలేదు. సారీ చెప్పను."

డ్రమ్ము తిరుగుతున్న చప్పుడొక్కటే. మేనేజరు ఇది ఊహించినట్టు లేడు.

"దొంగతనం కాకపోతే దాక్కోవడం ఎందుకు? తప్పు చెయ్యనివాళ్ళు దాక్కుని తింటారా?" అన్నాడు.

ఆ ప్రశ్న ఆయన అడక్కుండా ఉండాల్సింది.

"రోజా ఉన్నవాళ్ళ ముందు నోరు కదపకూడదని దాక్కున్నాను సార్. మీరూ రోజూ తెరలు దించుకుని కాఫీ తాగుతారు కదా. ఆ కాఫీ ఎక్కడ దొంగిలించారు?"

పాకిస్తానీ డ్రైవరుకి పొలమారింది. నవ్వాపుకోలేక అని అందరికీ తెలుసు. మేనేజరు చెవులు ఎర్రబడిపోయాయి.

"నా కాఫీ సంగతి కాదు ఇప్పుడు. నీ పని ఏరడం. తినడం నీ పని కాదు," అన్నాడు.

"ఆమె పనే సార్."

వెనక్కి తిరిగి చూశాను. భాయ్ డ్రమ్ము వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. "నేను పెట్టిన పని. రంజాన్‌లో నేను రుచి చూడను. ఇన్నేండ్లూ ఆమే చూసింది. ఆ బోర్డులో రాసినట్టు నేను చెయ్యలేదు. దానికి ఏం చేయాలనుకున్నా నన్ను చేయండి."

నిన్నటి కోపమంతా ఒక్కసారిగా కళ్ళలోకి వచ్చేసింది. తుడుచుకోలేదు, అందరూ చూస్తున్నారని.

మేనేజరు డాక్ వైపు చూశాడు, బండి వైపు. తర్వాత గాలిలో చెయ్యి ఊపాడు. "ఖలాస్, ఖలాస్. అయిపోయింది. యల్లా, పనిలోకి వెళ్ళండి."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కదిలారు కూడా. భాయ్ గరిటెతో గింజలు తీసి, పళ్ళెంలో చల్లార్చి, పొట్టు నలిపి నా ముందు పెట్టాడు. "చెప్పు మా, దించేదా?"

నేను తీసుకోలేదు.

"నన్ను దొంగ అన్నది అందరి ముందరానండి భాయ్‌గారూ. కాదన్నది కూడా అందరి ముందరే అనాలి. అప్పుడు తింటాను," అన్నాను. మేనేజరుకి అర్థం కావాలని అదే మళ్ళీ హిందీలో చెప్పాను. కదిలినవాళ్ళంతా ఆగిపోయారు.

వాసన మారడం మొదలైంది. నెయ్యి వాసన ముదిరి వస్తోంది. ఇంకాసేపైతే చేదెక్కుతుంది. నాకు తెలుసు, భాయ్‌కి నాకంటే బాగా తెలుసు. మేనేజరుకి కూడా ఏదో తేడా తెలిసింది. "భాయ్, నువ్వే దించెయ్," అన్నాడు గట్టిగా.

దించడానికి లివరొక్కటి లాగితే చాలు. భాయ్ చెయ్యి అప్పటికే దాని మీద ఉంది. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ వెళ్ళిపోయి ఉంటుంది. ఆ చెయ్యి తీసి వెనక్కి కట్టుకున్నాడు.

"నేను రోజా సార్. రుచి చూడకుండా దించకూడదని మీ బోర్డే చెప్తోంది. ఆమె చెప్తే దించుతా."

నిన్న బస్సు దగ్గర సారీ చెప్పమన్న మనిషేనా ఈయన అనిపించింది. తను వేసిన వాయని తన కళ్ళముందే ముదరనిస్తూ నిలబడ్డాడు. వేయించేవాడికి అదెంత నరకమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. డ్రమ్ము వైపు చూడకుండా నా వైపే చూస్తున్నాడు. తినేసి పీడా వదిలించుకుందామని ఒక్క క్షణం నాకు అనిపించింది కూడా. పళ్ళు బిగపట్టాను.

"చోరీ నహీ కీ ఇస్‌నే," అన్నాడు మేనేజరు చివరికి, తన బూట్లకి చెప్పినట్టు.

"వెనకవాళ్ళకి వినపడలేదు సార్."

ఆయన నా మొహంలోకి చూశాడు. అరిచి పంపించేస్తాడేమో అనుకున్నాను. తలెత్తి, హాలంతా వినపడేలా, "ఈమె దొంగతనం చెయ్యలేదు," అన్నాడు. చెప్పాక కాస్త తేలికపడ్డట్టే కనిపించాడు. చెడ్డవాడని అనననే కదా ముందే చెప్పాను.

అప్పుడు గింజ తీసుకున్నాను. రోజా ఉన్నవాళ్ళందరి వైపూ తిరిగి, "మాఫ్ చెయ్యండి, మీ ముందే నములుతున్నాను," అన్నాను. ఆ రోజు నేను అడిగిన మాఫీ అదొక్కటే. మాస్కు దించి, తలెత్తి, కెమెరా వైపు చూస్తూ, తీరుబడిగా నమిలాను. గొంతు దాకా పోనిచ్చాను.

"మాడిపోయింది భాయ్‌గారూ," అన్నాను. "ఇది బండెక్కడానికి వీల్లేదు. పారబోయించండి."

భాయ్ లివరు లాగి వాయంతా కిందికి వదిలేశాడు. బండి ఆలస్యంగా వెళ్ళింది. తర్వాత మేనేజరు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఆ వేసవిలో భాయ్ వీసా మళ్ళీ వేయించారు. నాదీ వేయించారు. బోర్డులో రోస్టర్ అన్న మాట పక్కన, రోజా నెలలో ఆయన చెప్పిన మనిషి అని చేర్పించారు. జేబుల సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కానీ ఇవన్నీ తర్వాతి మాట.

ఆ రోజు రెండో వాయ దించే వేళకి భాయ్ మళ్ళీ పళ్ళెం పట్టుకొచ్చాడు. గింజలు పిడికిట్లో పట్టుకుని, ఎప్పటిలాగే బస్తాల గుట్ట వైపు నడిచాను. నెల్లూరామె బెల్టు దగ్గర్నుంచి ఒక్క ఉదుటున వచ్చి నా ఏప్రాను పట్టి లాగింది.

"యాడికి పోతుండావు మే? ఈడనే తిను. నువ్వు నమిల్తే ఇరిగిపోయేంత చేతగానిదేం గాదులే మా రోజా."